వర్గం అనే మాటకు రెండర్థాలు

తెలుగులో 'వర్గం' అనే మాటకు రెండర్థాలు వున్నాయి. అభ్యుదయ సాహిత్య విమర్శ చదువుకున్న వాడికి వర్గమంటే ఉత్పత్తి సాధనాలతో మనుషులకుండే సంబంధాన్ని బట్టి ఏర్పడేది. దినపత్రిక జిల్లా పేజీ చదివే వాడికి వర్గమంటే ఫలానా రెడ్డిగారి వెంట తిరిగేవాళ్లు, ఫలానా నాయుడుగారి వెంట తిరిగేవాళ్లు. 'పార్టీలో వర్గపోరు' అనే శీర్షిక చూసి రైతుకూలీలూ భూస్వాములూ తలపడ్డారని ఎవడూ పొరబడడు. ఇద్దరు నాయకుల మనుషులు ఒక సభలో కుర్చీలు విసురుకున్నారని చదవకముందే తెలిసిపోతుంది. మొదటి అర్థాన్ని ప్రచారం చెయ్యడానికి మనం కొన్ని దశాబ్దాలు శ్రమించాం. జనం నోట మిగిలింది మాత్రం రెండో అర్థమే. ఇలా ఎందుకు జరిగింది, ఈ రెండో అర్థంలోని వర్గాన్ని మన కథకులు ఎంతవరకు పట్టించుకున్నారు అనేదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన విషయం.

ఇందుకు ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాలను తీసుకుంటున్నాను. నెల్లూరు జిల్లాకు ఇది పడమటి మెట్ట. నేను పాఠాలు చెప్పుకుంటూ తిరిగిన ప్రాంతమిది. ప్రతిపక్షంలో వున్న పార్టీకీ, దాన్ని నమ్ముకున్న మనిషికీ మధ్య సంబంధం ఎలాంటిదో ఇక్కడి ఎన్నికల చరిత్ర చాలా చోట్లకంటే స్పష్టంగా చూపిస్తుంది. ఈ ప్రాంతాన్ని ఎన్నుకోవడానికి ముఖ్యకారణం అదే.

1978 శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రంలో ఇందిరా కాంగ్రెస్ గెలిచింది. ఉదయగిరి జనతా పార్టీ అభ్యర్థి ఎం. వెంకయ్యనాయుడును ఎన్నుకుంది. 1980లో జనతా చీలి భారతీయ జనతా పార్టీ పుట్టింది. 1983లో తెలుగుదేశం ప్రభంజనం వీస్తుంటే ఉదయగిరి అదే మనిషిని కొత్త పార్టీ తరఫున మళ్లీ గెలిపించింది. ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చినవి మూడే స్థానాలు. 1985లో తెలుగుదేశం మళ్లీ అధికారానికి వచ్చినప్పుడు ఉదయగిరి కాంగ్రెస్ అభ్యర్థి మేకపాటి రాజమోహనరెడ్డిని పంపింది. వరుసగా మూడు ఎన్నికల్లో ప్రతిపక్ష సభ్యుణ్ణే, అందులోనూ మూడు వేరు వేరు పార్టీల పేరుమీద ఎన్నుకున్న నియోజకవర్గం ఇది. దీన్ని ప్రతిపక్ష చైతన్యమనాలా, వ్యక్తుల మీద నమ్మకమనాలా? రెండూ కలిసి వున్నాయనీ, రెండోదాని పాలు ఎక్కువనీ నా అభిప్రాయం. తర్వాతి చరిత్ర దాన్నే బలపరుస్తున్నది.

మేకపాటి సోదరులు రాజమోహనరెడ్డి, చంద్రశేఖరరెడ్డి కాంగ్రెస్‌ను వదిలి వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌లో చేరి, 2012 జూన్ ఉప ఎన్నికల్లో ఒకరు నెల్లూరు లోక్‌సభ స్థానంలోనూ మరొకరు ఉదయగిరిలోనూ గెలిచారు. 2014లో ఉదయగిరి తెలుగుదేశానికి పోయింది; ఆత్మకూరులో ప్రతిపక్ష అభ్యర్థి మేకపాటి గౌతంరెడ్డి గెలిచారు. 2018లో ప్రత్యేక హోదా కోసం రాజీనామా చేసిన ఐదుగురు ప్రతిపక్ష ఎంపీల్లో రాజమోహనరెడ్డి ఒకరు. మరుసటి సంవత్సరం ఎన్నికల్లో ఆ స్థానం, ఎన్నికల ముంగిట తెలుగుదేశం నుంచి వచ్చిన అభ్యర్థికి దక్కింది. 2019లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని 10 అసెంబ్లీ స్థానాలూ వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌వే. 2024లో ఆ 10 స్థానాలూ తెలుగుదేశానివే.

ఈ రెండు పదుల నడుమ జరిగిన కథ మనకు ముఖ్యం. 2023 మార్చి 23న శాసనమండలికి ఎమ్మెల్యేల కోటా ఎన్నిక జరిగింది. 2019లో 23 మంది గెలిచి, నలుగురు దూరమై, 19 మంది మిగిలిన తెలుగుదేశం తరఫు అభ్యర్థికి 23 ఓట్లు పడ్డాయి. మర్నాడే అధికార పార్టీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. వారిలో ముగ్గురు నెల్లూరు జిల్లావారు. ఉదయగిరి సభ్యుడు చంద్రశేఖరరెడ్డి ఒకరు. 2009లో కాంగ్రెస్ తరఫున ఆత్మకూరు నుంచి గెలిచి, 2014లో అక్కడే ఓడి, తర్వాత తెలుగుదేశంలోకీ అక్కణ్ణుంచి 2018లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌లోకీ వెళ్లి వెంకటగిరిలో గెలిచిన ఆనం రామనారాయణరెడ్డి మరొకరు. ఆ ఎన్నికలో ఓటు రహస్యం గనుక ఎవరెటు వేశారన్నది పార్టీ చేసుకున్న నిర్ధారణే తప్ప వేరే రుజువు లేదు. 2024 ఫిబ్రవరిలో స్పీకర్ ఇటు నలుగురినీ, తెలుగుదేశం నుంచి దూరమైన అటు నలుగురినీ కలిపి ఎనిమిది మందిని అనర్హులుగా ప్రకటించారు. అప్పటికి సభ కాలపరిమితి కొద్ది నెలలే మిగిలివుంది. ఆ ఎన్నికల్లో రామనారాయణరెడ్డి తెలుగుదేశం తరఫున ఆత్మకూరులో గెలిచి మంత్రి అయ్యారు.

వ్యక్తులను బోనెక్కించడానికి ఈ జాబితా ఇవ్వడం లేదు. వెళ్లినవారికీ, వుండిపోయినవారికీ, పంపించినవారికీ ఎవరి కారణాలు వారికి వుంటాయి. ఇందులో మనకు కనిపించని మనిషి ఒకడున్నాడు. 2014 నుంచి 2024 దాకా ఆత్మకూరులో గోడలకు పోస్టర్లు అంటించిన తెలుగుదేశం కార్యకర్తను తలచుకోండి. గౌతంరెడ్డి మరణానంతరం 2022 జూన్‌లో ఉప ఎన్నిక వస్తే అతని పార్టీ పోటీయే చెయ్యలేదు. రెండేళ్ల తర్వాత, నిన్నటిదాకా ఎదుటి పక్షంలో వున్న నాయకుడి జెండా మొయ్యమన్నారు. మోశాడు. ఉదయగిరిలో అయిదేళ్లపాటు ప్రతిపక్షంలో కేసులూ చీవాట్లూ పడిన కార్యకర్తకు చివర్లో మాజీ ఎమ్మెల్యే పేరు బదులు కొత్త పేరు వినిపించింది. ఇటు వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ కార్యకర్తకు తన ఎమ్మెల్యేనే ఒకరోజు పొద్దున్న ద్రోహి అయి కనిపించాడు. అదే కుటుంబంలోని మరొకరు అభ్యర్థి అయ్యారు. ఈ మనుషుల విధేయత ఎవరికి? జెండాకా, ఇంటికా, ఊళ్లో తన ఎదుటివాడి మీద తన పంతానికా?

ఇక్కడ భౌతిక పరిస్థితులను చూడకుండా నీతి మాట్లాడితే ప్రయోజనం లేదు. ఇది వర్షాధారపు మెట్ట. వెలిగొండల నీడన చెరువులు నిండితే పంట, లేకుంటే వలస. అనంతసాగరం మండలంలో పెన్న మీద సోమశిల జలాశయం వుంది. ఆ నీళ్ల లాభం ఎక్కువగా దిగువ డెల్టాది; మెట్ట ఊళ్లు ఎత్తిపోతల పథకాల కోసం ఎదురుచూస్తూ వచ్చాయి. ఇలాంటి చోట పెన్షను, బోరు, ఇంటి పట్టా, చెరువు పని, అంగన్‌వాడీ పోస్టు అన్నీ ఎవరో ఒక పెద్దమనిషి మాట మీదుగానే చేరతాయన్న నమ్మకం బలంగా వుంటుంది. చట్టప్రకారం హక్కుగా రావలసింది, మనిషి చేతిమీదుగా దయగా వస్తుంది. దయ పొందినవాడు కృతజ్ఞుడై వుండాలి. ఆ కృతజ్ఞతకే రాజకీయ భాషలో విధేయత అని పేరు.

ప్రతిపక్షంలోకి వచ్చేసరికి ఈ యంత్రం చిక్కుల్లో పడుతుంది. పంచడానికి ప్రభుత్వ దయ వుండదు. పెళ్లికీ చావుకూ, ఆస్పత్రికీ కోర్టుకూ నాయకుడు సొంత జేబులోంచి తియ్యాలి. అందుకే మన పార్టీలన్నీ 'నియోజకవర్గ ఇన్‌ఛార్జి' అనే పదవిని తయారుచేసుకున్నాయి. అయిదేళ్లు ఖర్చు భరించగలవాడే ఆ పదవికి అర్హుడు. భరించలేనప్పుడు కాంట్రాక్టులు చేసి సంపాదించినవాడో, విదేశాల్లో సంపాదించి వచ్చినవాడో ముందుకొస్తాడు. పాత ఇన్‌ఛార్జికీ కొత్తవాడికీ మధ్య మొదలయ్యేదే పత్రికలు రాసే వర్గపోరు. తగవు తీర్చేది సభ్యుల ఓటు కాదు, అధ్యక్షుడి సంతకం పడిన బీ-ఫారం. 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ఎమ్మెల్యేను విప్‌కు కట్టిపడేసింది. 2003లో వచ్చిన 91వ సవరణ, మూడింట ఒకవంతు మంది చీలిపోతే చెల్లుతుందన్న వెసులుబాటును కూడా తీసేసింది. కాని ఆ విప్ ఇచ్చే నాయకత్వాన్ని సభ్యులు ఎలా ఎన్నుకోవాలో, అభ్యర్థిని ఎవరు నిర్ణయించాలో ఆ చట్టం ఒక్క ముక్క చెప్పలేదు. కిందివాడు పైవాడికి కట్టుబడాలి. పైవాడు దేనికి కట్టుబడాలో చెప్పేవారు లేరు.

ఇక భాష సంగతికి వద్దాం. సాహిత్య విద్యార్థులకు ఇది ముఖ్యం. విశ్వాసం గురించి మనకున్న సామెతలూ నుడికారాలూ ఒకసారి వరసబెట్టి చూడండి. ఉప్పు తిన్న విశ్వాసం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం. ఇంటిగుట్టు లంకకు చేటు. వెన్నుపోటు. వీటన్నిటిలోనూ ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో పెట్టేవాడొకడూ తినేవాడొకడూ వున్నారు. తినేవాడి తప్పును పట్టడానికి మాటలున్నాయి గాని పెట్టేవాడు పెట్టకపోతే ఏమనాలో మాట లేదు. కార్యకర్త నాయకుణ్ణి వదిలితే వెన్నుపోటు. నాయకుడు కార్యకర్తను వదిలితే వ్యూహం. రాజకీయ ఉపన్యాసకులు ఈ మాటలనే వాడతారు, విలేఖరులు వాటినే రాస్తారు. కథకుడు కూడా అలవాటుగా వాటినే వాడితే, తెలియకుండానే పెట్టేవాడి పక్షం వహించినట్లే.

ఈ సంబంధంలోని అసలు గుట్టు విప్పిన కథ తెలుగులో ఒకటుంది. అయితే అది పార్టీల కథ కాదు. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం'లో అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ జరుగుతుంది. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు దుర్మార్గుడేం కాదు. ఊరికి మంచి చెయ్యాలని కోరినవాడే. అప్పు తీర్చడం ధర్మమన్న మాటకు అప్పల్రాముడు తలవంచుతాడు. ఆ ధర్మమే తన బిడ్డను తరతరాల పాలేరుతనంలోకి తోస్తుందని గ్రహించిన సీతారాముడు కన్నకొడుకునే నరికేస్తాడు. బలవంతం కంటె నీతి ఎంత గట్టి సంకెలో ఆ కథ చూపించింది. పార్టీ విధేయత కూడా మెట్ట పల్లెల్లో ఇలాంటి అప్పే. తీసుకున్నది ఒక బోరో, ఒక సిఫారసు ఉత్తరమో. తీర్చేది కొడుకు తరం దాకా. 'యజ్ఞం' చదివి కళ్లు తెరిచిన మన కథకులు ఈ అప్పు పత్రాన్ని మాత్రం ఇంకా విప్పి చూడలేదు.

మన రాజకీయ కథలు ఎక్కువగా వ్యంగ్యం దగ్గర ఆగిపోతున్నాయి. పార్టీ మార్చే నాయకుడు గిరీశం వారసుడిగా వచ్చి, మాటలు మార్చి, నవ్వించి పోతాడు. ఆ వ్యంగ్యం అవసరమే. కాని నాలుగు పార్టీలు మారిన నాయకుణ్ణి చూసి నవ్వే పాఠకుడు, అతని వెనక నాలుగుసార్లు జెండా మార్చుకున్న రెండు వేలమందిని చూడడు. వాళ్లు నవ్వులాటకు మారలేదు. రాయలసీమ ముఠాల మీద రక్తం చిందింది గనుక కథలు వచ్చాయి. ఇక్కడ రక్తం చిందకుండానే మనుషులు నలుగుతున్నారు. దానికి కథ లేదు.

తిక్కనను పాఠంగా చెప్పుకునే వాళ్లకు ఈ వస్తువు కొత్తది కాకూడదు. ఆయన నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని వాడు, కొలువు రాజకీయం తెలిసిన మంత్రి. ఆయన చేతిలో నడిచిన భారతంలో విధేయత ఎన్ని రకాలుగా పరీక్షకు నిలిచిందో చూడండి. పుట్టుక రహస్యం చెప్పి, రాజ్యమే ఇస్తానని కృష్ణుడు పిలిచినా కర్ణుడు వెళ్లడు. దుర్యోధనుడి స్నేహానికి అతని ప్రాణమే ధర. కాని పక్షం అన్యాయమైనదని తెలిసీ వుండిపోయిన వాడిది గొప్పతనమా, బానిసత్వమా అనే ప్రశ్న మిగిలిపోతుంది. భీష్ముడు తాను కౌరవుల సొమ్ముకు కట్టుబడినవాణ్ణని ధర్మరాజు ముందు ఒప్పుకుంటాడు. వికర్ణుడు నిండుసభలో ద్రౌపది పక్షాన మాట్లాడి, యుద్ధంలో మాత్రం అన్నల పక్షానే పోరాడి చస్తాడు. ధృతరాష్ట్రుడి కొడుకైన యుయుత్సుడు యుద్ధం మొదలు కాకముందు, రెండు సేనలూ చూస్తుండగా అవతలికి నడిచి వెళతాడు. మన సంప్రదాయం కర్ణుణ్ణి నెత్తిన పెట్టుకుంది. యుయుత్సుడి పేరు పదో తరగతి పిల్లవాడికి తెలియదు. స్వామిభక్తి చేసినవాడికి పద్యాలూ నాటకాలూ దక్కాయి. కారణం చెప్పి బాహాటంగా తప్పుకున్నవాడికి జనం నోట ఒక సామెతైనా దక్కలేదు. ఈ ఎంపికలో ఫ్యూడల్ విలువ పనిచేసిందని నేనంటాను.

ఇంతవరకు చెప్పింది ఇతర పార్టీల సంగతి గదా, మనకేమిటి అని ఈ పత్రిక పాఠకులు కొందరు అనుకోవచ్చు. అలా తప్పించుకోవడానికి వీల్లేదు. ఇదే జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1975 ఆగస్టులో మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు. ఎమర్జెన్సీ వ్యతిరేక పోరాటం పేరుతో జనసంఘ్‌తో కలిసి నడవడం సరికాదన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. నాయకత్వంతో తన భేదాలను అంశాలవారీగా సుదీర్ఘంగా రాసి ఇచ్చారు. పార్టీ వదలలేదు, మరో పార్టీ పెట్టలేదు, 1978లో గన్నవరం నుంచి శాసనసభకు గెలిచి, 1985లో చనిపోయేదాకా అదే పార్టీలో పనిచేశారు. ఆయన అభిప్రాయం సరైనదా కాదా అనే చర్చ వేరు. విధేయతకు ఇక్కడ వేరే అర్థం కనిపిస్తోంది. ఆయన కట్టుబడింది ఒక మనిషికి గాని ఒక ఇంటికి గాని కాదు గనుకనే భేదాన్ని కాగితం మీద పెట్టగలిగారు. ఉదయగిరి, ఆత్మకూరు రాజకీయాల్లో పార్టీ మారిన ఏ సందర్భంలోనూ అలాంటి కాగితం ప్రజల ముందు చర్చకు నిలిచినట్లు నాకు కనిపించదు. 'ఆత్మాభిమానం దెబ్బతిన్నది', 'కార్యకర్తల అభీష్టం మేరకు' అనే రెండు వాక్యాలతో పని జరిగిపోతుంది.

అయితే మన సాహిత్యం సుందరయ్యల ఆ సంఘర్షణను రాసిందా? 1943లో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది తెనాలిలో. కమ్యూనిస్టు పార్టీ చీలికకు దారితీసిన 1964 జులై సదస్సు జరిగిందీ అదే తెనాలిలో. ఆ చీలికతో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లున్నాయి. ఒకే రైతుసంఘం ఆఫీసుకు రెండు తాళాలు పడిన ఊళ్లున్నాయి. ఆ తర్వాత ఎన్ని చీలికలొచ్చాయో అందరికీ తెలుసు. మనవాళ్లు వీరుల మీద కావ్యాలు రాశారు, అమరుల మీద పాటలు రాశారు. చీలికరోజు రాత్రి ఏ గదిలో పడుకోవాలో తెలియక ఆఫీసు అరుగు మీద కూర్చున్న మామూలు సభ్యుడి మీద, నేను చదివినంతలో, చెప్పుకోదగ్గ నవల లేదు. శత్రువుకు ఆయుధం ఇచ్చినట్లవుతుందని సంకోచించాం. రాయకపోవడం వల్ల శత్రువుకు నష్టమేమీ కలగలేదు. మన యువకులకు మాత్రం భేదాభిప్రాయాన్ని గౌరవంగా ఎలా పలకాలో చూపించే పాత్ర దొరకలేదు.

ఆమధ్య ఈ వస్తువు మీదే రెండు చేతిరాత కథలు నా దగ్గరికి వచ్చాయి. రాసినవాళ్లు ఇద్దరూ ఈ మెట్ట ప్రాంతపు కుర్రవాళ్లే. మొదటి కథలో నాయకుడు పార్టీ మారాడని తెలిసి ముసలి కార్యకర్త ఇరవయ్యేళ్ల జెండాను నడివీధిలో తగలబెట్టి గుండె ఆగి చనిపోతాడు. భాష బాగుంది, ఆవేశం వుంది. కాని ఇది కార్యకర్తను కర్ణుణ్ణి చెయ్యడమే. అతను చనిపోయాడు గనుక, మర్నాడు బతకవలసిన మనిషిగా అతని సమస్య ఏమిటో రచయిత చెప్పవలసిన అవసరం తప్పిపోయింది. నాయకుడు చెడ్డవాడు, కార్యకర్త పవిత్రుడు అనే లెక్క తేలింది. పాఠకుడు కన్నీళ్లు తుడుచుకుని లేస్తాడు.

రెండో కథ అంత నునుపుగా లేదు. అందులో వింజమూరు దగ్గరి పల్లెలో ఒకడు, నాయకుడి ఫోటో వున్న ఫ్లెక్సీని విప్పుతున్నాడు. ఇంకో పార్టీ రంగులతో కొత్తది కట్టాలి. అదే నాయకుడి ఫోటో. పాత ఫ్లెక్సీ గొర్రెల దొడ్డి మీద కప్పుకోవడానికి పనికొస్తుందని మడత పెడుతుంటే, భార్య వచ్చి అడుగుతుంది: "ఏందయ్యా, ఇప్పుడు మీ అమ్మ పింఛనీ వుంటాదా, పోతాదా?" అతను జవాబు చెప్పడు. పైగా, ఎదురింటివాడు ఇన్నాళ్లూ అవతలి పార్టీ. ఇప్పుడిద్దరూ ఒకటే పార్టీ. మూడేళ్ల కిందట వాడు తన మీద పెట్టిన కేసు మాత్రం ఆత్మకూరు కోర్టులో నడుస్తూనే వుంది. వాయిదాకు ఇద్దరూ ఒకే బస్సులో పోయి వస్తారు. ముగింపు తేలిపోయింది, ఇద్దరూ టీ తాగి నవ్వుకోవడంతో రచయిత చేతులు దులుపుకున్నాడు. అయినా ఈ కథ నాకు మెరుగైనదిగా కనిపించింది. పెన్షను ప్రశ్నలో దయకూ హక్కుకూ వున్న తేడా వుంది. కేసులో, పైవాళ్లు రాజీపడినా కిందివాళ్ల మీద మిగిలిపోయే బరువు వుంది. ఆ కేసు పెట్టించిందెవరు, ఒకే కులం ఒకే కమతం ఒకే కరువు వున్న ఇద్దరు రెండు 'వర్గాలు' ఎలా అయ్యారు అని రచయిత ఇంకో అడుగు వేసివుంటే, రెండో అర్థంలోని వర్గం నుంచి మొదటి అర్థంలోని వర్గానికి దారి దొరికేది. ఆ మాటే అతనికి ఉత్తరం రాశాను.

మొదటి అర్థాన్ని ఉపన్యాసంగా కథలో దూర్చమని నేననడం లేదు. అలాంటి కథలు మనకు చాలానే వున్నాయి, వాటిని ఎవరూ రెండోసారి చదవలేదు. ఆ ఫ్లెక్సీ మడత పెట్టే మనిషిని విధేయుడనీ ద్రోహి అనీ పేరు పెట్టకుండా చూడమంటున్నాను. అతనికి రావలసింది హక్కుగా వచ్చేరోజున అతను ఎవరి వెంట తిరుగుతాడు, ఏ సభలో లేచి నిలబడి కాదంటాడు అని ఆలోచించమంటున్నాను. మన సంఘంలోని శాఖల్లో వచ్చే ఏడాది కథా కార్యశాలలకు వస్తువు నిర్ణయించేటప్పుడు, ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు, కలిగిరి, మర్రిపాడు పల్లెల్లోని పాత పార్టీ మనుషులను, ఏ పార్టీవాళ్లయినా సరే, పిలిచి కూర్చోబెట్టి వినాలని నా సూచన. మన పార్టీల్లో పనిచేసి చీలికలు చూసినవాళ్లనూ పిలవాలి. వాళ్లు చెప్పేవాటిలో మనకు మింగుడుపడనివి వుంటాయి. వాటినే ముందు రాసుకోవాలి.